డబ్బు కట్టినవాళ్ళు కూర్చున్నాక

రాకపోతే బాగుండు, కిటికీ పక్క కుర్చీ ఏ పిల్లదో గానీ ఇవాళ రాకపోతే బాగుండు, అనుకుని వెంటనే నాలిక కరుచుకుంది ఆమె, ఛీ, ఎవరి బిడ్డో రాకూడదని కోరుకోవడమేమిటి, జ్వరమొచ్చి కాదు, దెబ్బ తగిలి అసలే కాదు, ఊరికే లెక్కలంటే విసుగు పుట్టి, ఇంకేదో కోర్సు నచ్చి రాకపోతే ఎవరికీ నష్టం లేదు కదా, అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ కాలేజీ వరండాలో గోడకు ఆనుకుని, తెరిచిన తలుపులోంచి మళ్ళీ చూసింది, గదంతా కిటకిటలాడుతోంది, ఆ ఒక్కటే ఖాళీ, కౌంటర్లో గుమస్తా ముందే చెప్పాడు, ప్రభుత్వోద్యోగులకి ఫీజు మాఫీ నిజమేనమ్మా, కాకపోతే డబ్బు కట్టినవాళ్ళందరూ కూర్చున్నాక సీటు మిగిలితేనే మీది, మొదటిరోజు క్లాసు మొదలయ్యాక మేడమ్ పిలిస్తే వెళ్ళండి, లేకపోతే వచ్చే ఏడు చూద్దాం, వచ్చే ఏడు, ఎంత సులువుగా అనేశాడు, పొద్దున మొగుడూ అంతే, నలభై దాటాక లెక్కలేమిటే, మన పెళ్ళయి ఎన్నేళ్ళయిందంటేనే తడుముకుంటావు, అని నవ్వి, గుమ్మం దాటుతుంటే మాత్రం వెనక్కి పిలిచి, జడ వంకరగా ఉంది, సరిచేసుకో, మొదటిరోజు కదా, అన్నాడు, గుమ్మంలోనే నిలబడి జడ విప్పి మళ్ళీ అల్లుకుంది, మునిసిపాలిటీ నీళ్ళ పంపుహౌస్‌లో తన బదులు షిఫ్టు చూడ్డానికి ఒప్పుకున్న పెద్దాయన, అందరూ తాతయ్యా అనే ఆయన, మోటార్లు తిప్పడానికి నేనున్నాగా, నువ్వెళ్ళి బుర్ర తిప్పుకురా పో, అన్నాడు, ఇంతమంది ఇన్ని రకాలుగా సాగనంపితే తీరా కుర్చీ దొరక్కపోతే ఏ మొహం పెట్టుకుని తిరిగి వెళ్ళడం, అదిగో మెట్ల మీద పరుగు, చెప్పుల చప్పుడు, దగ్గరికొస్తోంది, ఆమె ఊపిరి బిగబట్టింది, ఒక అమ్మాయి జుట్టెగురుతూ వచ్చి, పక్క గదిలోకి దూరిపోయింది.

బోర్డు మీద మేడమ్ ఏదో గీత గీసింది, వంపు తిరిగిన గీత, దానిమీద ఒక చుక్క, ఆ చుక్క దగ్గర వాలు ఎంత అని అడుగుతోంది, ఆమె పెదాలు వాటంతటవే కదిలాయి, ఎప్పటి పాఠమో, ఇంకా ఉందా లోపల, ఆకలేసినట్టుంది, కడుపులో కాదు, ఇంకెక్కడో, అంతలో మేడమ్ తలుపు దగ్గరికొచ్చి, ఎవరికోసమండీ, అబ్బాయికోసమా అమ్మాయికోసమా, అంది, నాకోసమేనండీ, మాఫీ మీద వచ్చాను, అనేటప్పటికి చెవులు వేడెక్కాయి, అయ్యో ఇంతసేపూ బయటే నిలబడ్డారా, రండి, ఆ కిటికీ పక్కది మీదే, ఆ అమ్మాయి మానేసిందట, ఇందాకే కబురొచ్చింది.

రండి అన్నా గడప దగ్గరే ఆగింది, ఇలాంటి గదిలోనే తనకూ ఒక కుర్చీ ఉండాల్సింది, పద్దెనిమిదేళ్ళప్పుడు, సీటు వచ్చింది, కొత్త చెప్పులు కూడా కొన్నారు, తెల్లవారితే క్లాసులనగా నాన్న ఆ పంపుహౌస్‌లోనే కుప్పకూలి చనిపోయాడు, ఆయన ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తామన్నారు, తమ్ముళ్ళు చిన్నవాళ్ళు, అమ్మ ఏమీ అడగలేదు, అడక్కుండా తన మొహంలోకి చూసింది, అంతే, క్లాసులు సాగే వేళ తను నాన్న వదులు చొక్కా వేసుకుని వాల్వు తిప్పడం నేర్చుకుంది, ఇన్నేళ్ళూ మోటారు రొదలో కళ్ళు మూసుకుంటే ఆ కుర్చీయే కనిపించేది, దుమ్ము పట్టి, తనకోసం ఎదురుచూస్తూ, ఎవరూ ముట్టకుండా, ఇదిగో ఇప్పుడు కూర్చుంది, చెక్క ఎండకు వెచ్చగా ఉంది, పక్క పిల్ల పుస్తకం జరిపి చోటిచ్చింది, రాని ఆ అమ్మాయి ఎవరో, ఆ ఇంట్లో ఏమైందో, ఆమె మొహంలోకి అలా అడక్కుండా ఎవరు చూశారో, అనుకుంటుంటే పుస్తకం తెరవబోయిన చెయ్యి ఆగిపోయింది, అవును, తను రాని ఆ రోజు కూడా తలుపు బయట ఎవరో ఒకరు నిలబడే ఉంటారు, ఎవరో పిలిచే ఉంటారు, తన కుర్చీలో ఎవరో అమ్మాయి కూర్చునే ఉంటుంది, అది ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు, ఎవరో గానీ, బాగా చదువుకునే ఉంటుంది.