గుమ్మలవలసలో రైలెక్కేవాళ్లు లేరట

నేను ఒక స్టేషన్నే. కానీ నన్ను చూడటానికి ఎవరూ రారు, నా మీదుగా పోతారు. పేరు గుమ్మలవలస. బొగ్గు ఇంజన్లకు నీళ్లు పట్టడానికి నన్ను కట్టారు. మనుషుల సంగతి తర్వాత గుర్తొచ్చింది. అయినా నేను మనసులో పెట్టుకోలేదు. నొప్పులొచ్చిన ఆడవాళ్లను పట్నం ఆసుపత్రికి పంపాను. తుపానుకు ఇళ్లు కూలినవాళ్లను పదిరోజులు నా వరండాలో పడుకోబెట్టుకున్నాను.

ఉదయం ఐదున్నర ప్యాసింజరులో నలభైమంది ఆడవాళ్లు కూరగాయల గంపలతో పట్నం బజారుకు పోతారు. అందరికంటే ముందు వచ్చేది సన్నెమ్మ. భర్త పోయాక ఇరవై సెంట్ల చెక్కలో తోటకూర వేసి బతుకుతోంది. బస్సువాళ్లు గంప ఎక్కించుకోరు. ఈ బండి ఆగకపోతే ఆమె కూర మడిలోనే ముదిరిపోతుంది.

నిరుడు వేసవిలో ఒక అధికారి నా గోడకు కాగితం అంటించి వెళ్లాడు. ఇక్కడ రైలెక్కేవాళ్లు లేరు కనుక మూడు నెలల తర్వాత బండి ఆగదట.

సాయంత్రం బండి దిగగానే సన్నెమ్మ టికెట్టు గుమస్తా లింగమూర్తిని నిలదీసింది.

"ఏటి బాబూ, మేం మనుసులం కామేటి? రోజూ ఎక్కుతన్నాం గదా!"

"ఎక్కుతున్నారు పిన్నీ. నా దగ్గర టికెట్టు ఎప్పుడైనా కొన్నారా?"

"నెల టికెట్లున్నాయి. పట్నంలో బండి కోసం కూకున్నప్పుడు అందరం అక్కడే తీసుకుంటాం."

"అందుకే మీరంతా పట్నం పుస్తకంలో ఉన్నారు. నా పుస్తకంలో ఒక్కరూ లేరు."

"ఓలమ్మో! మన టేసన్ని మనమే సంపుకుంటన్నామే!"

పక్కనున్న ఎర్నమ్మ ఊరుకోలేదు. "నీ కిటికీ తెరిస్తే గదా కొనడానికి! నువ్వు లేసేసరికి మా బండి ఎల్లిపోద్ది."

లింగమూర్తి తల గోక్కున్నాడు. "ఒకటో తారీకున ఐదింటికే తెరుస్తాను, పిన్నీ."

తెరిచాడు. నా కిటికీ ముందు అంత వరస నేనెన్నడూ చూడలేదు. అందరినీ ముందుకు పంపి సన్నెమ్మ చివర నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి నెల టికెట్టు కాగితాలు అయిపోయాయి.

"ఒక్కదానివే గదా, ఈ నెలకి పట్నంలో కొనుక్కో పిన్నీ."

"కొనను. కాగితాలు తెప్పించు. ఇక్కడే కూకుంటాను."

బండి వచ్చింది. గంపను ఎర్నమ్మ చేతికిచ్చి పంపేసి, ఆమె సిమెంటు బల్ల మీద కూర్చుంది. ఒకరి కూర ఇంకొకరు అమ్మితే వచ్చేది సగమేనని ఆమెకు తెలుసు. మధ్యాహ్నం బండిలో కాగితాలు వచ్చాయి. టికెట్టు రాయించుకుని, పుస్తకంలో తన పేరున్న చోట వేలు పెట్టి చూపించమంది. అప్పుడే ఇంటికి కదిలింది.

తర్వాతి రెండు నెలలూ ఎవరూ పట్నంలో కొనలేదు. మూడో నెల చివర్లో ఇంకో కాగితం వచ్చింది. బండి ఆగుతుంది, రెండు నిమిషాలు.

మర్నాడు గంపలన్నీ ఎక్కేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. గార్డు గడియారం చూశాడు, సన్నెమ్మను చూశాడు, ఆఖరి గంపకు తనే ఒక చెయ్యి వేశాడు.