పిడుదుల మందు

ఒమన్‌లోని బురైమి దగ్గరి వాగుల్లో కుందేళ్ల వేటంటేనే లింబాద్రికి ఒళ్లు మండేది. యజమాని అర్బాబు మోకాళ్లదాకా బూట్లు తొడుక్కుని, తనకూ వేటకుక్కకూ పిడుదుల మందు కొట్టుకునేవాడు. లింబాద్రి అడిగితే "ఖలాస్", అయిపోయింది అనేవాడు. లింబాద్రి ప్యాంటును సాక్సుల్లోకి దోపుకుని పొదలు కొట్టి కుందేళ్లను లేపేవాడు.

ఆరోజు వేట ముగిశాక లింబాద్రి పిక్కలకు పట్టిన పిడుదులను పీకేసుకుంటుంటే అర్బాబు మందు డబ్బా తీశాడు. ఇన్నాళ్లకు కనికరించాడనుకుని లింబాద్రి కాళ్లు చాపాడు. అర్బాబు ఆ మందంతా బండిలో లింబాద్రి కూర్చునే సీటు మీద కొట్టాడు. వాడి పిడుదులు బండికి ఎక్కుతాయట.

లింబాద్రి ధడాలున తలుపు వేసి, బండి వెనకెక్కి కుక్క పక్కన కూర్చున్నాడు.

"జర అటు జరుగు," అన్నాడు పళ్లు కొరుకుతూ. "మనిద్దర్ల ఆయన లెక్కల మనిషివి నువ్వే."