మంద దిగని చేలు

గొర్రెల కోసం నాలుగు రెమ్మలు వంచినందుకు గుర్వయ్యను అడవి కాసే జంగ్లాత్ జవాను నడిఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టాడు. ఆయన కళ్లముందే కంట్రాక్టరు బండ్లు గుట్ట దిగుతున్నాయి, నిండా చండ్రమొద్దులతో.

"జవాను సాబ్, గా మొద్దులు ఏ గొర్రె మేసింది?" అని అరిచింది ఆయన భార్య గోపమ్మ.

"ఆయన సర్కారుకు పైసలు కట్టిండు. నువ్వూ కట్టు."

ఎండల్లో గడ్డి మాడిపోయాక ఊరి మందలను బతికించేది ఆ గుట్ట మీది ఆకే. సగం గుట్ట అప్పటికే కంట్రాక్టరు బొగ్గు బట్టీల పాలైంది.

ఆ సాయంత్రం గొల్లకురుమలంతా గుర్వయ్య దొడ్డిలో కూడారు. ఆయన వీపు ఇంకా నిటారు కాలేదు.

"బట్టీలు తగలబెడదాం!" అన్నాడు గుర్వయ్య తమ్ముడు పర్వతాలు.

"మొన్న బండ్ల మీద రాళ్లు రువ్వితిరి. ఎవనికి తగిలింది మరిదీ?" అంది గోపమ్మ.

గోడ పక్కన నిలబడ్డ బక్కయ్య తలకు కట్టిన గుడ్డ చూపించాడు. అతను ఊరవతలి వాడ మనిషి, పెద్ద పటేలు బండి తోలే కూలి. "నాకే తగిలింది. కంట్రాక్టరు కల్వకుర్తిల సల్లగ చాయ్ తాగుతాండు."

కొందరు నవ్వారు. పర్వతాలు తల దించుకున్నాడు.

"బండ్లు పటేండ్లవి, కంట్రాక్టరుకు కిరాయికిచ్చిండ్రు," అంది గోపమ్మ. "వానలకు ముందు గా పటేండ్లు మన గడపకెందుకొస్తరు?"

అందరికీ తెలుసు. రాత్రిళ్లు చేలో మంద పడుకుంటేనే ఆ ఎర్ర నేలకు ఎరువు.

"ఎవని బండి గుట్టెక్కుతదో, వాని చేన్ల మన మంద దిగొద్దు."

"మంద పెడితే వచ్చే జొన్నలే మన తిండి గదా వదినె!" అన్నాడు పర్వతాలు.

"గుట్ట బోడైతే పెట్టెటందుకు మందేది?"

"మాట మంచిగనే ఉందక్కా," అన్నాడు బక్కయ్య. "బండ్లాగితే నా కూలి ఆగుతది. మా పిల్లలేం తినాలె? మా రాళ్ల చెల్కల ఎవడన్న మంద పెట్టిండా ఎన్నడన్న?"

పెద్దలు నేల చూశారు. ఊరవతలి వాడవాళ్ల చెల్క నేలల్లో మంద దించడం ఎన్నడూ లేదు.

"పెట్టక, వీళ్లను మనోళ్లనుకోకనే మన రాయి బక్కయ్య మీదికి పోయింది," అంది గోపమ్మ. "ఇగ పెడతం. కూలి ఆగినన్నాళ్లు గట్క, మజ్జిగ మా ఇండ్లల్ల."

చేలల్లో మంద దిగకపోయేసరికి పటేండ్ల బండ్లు ఒక్కొక్కటే ఆగాయి. పెద్ద పటేలు ఒక్కడే వినలేదు. పోలీసులను పిలిపించి గోపమ్మను కల్వకుర్తి ఠాణాకు పంపించాడు. పొద్దు వాలేసరికి బక్కయ్య తోలిన బండిలో వచ్చి గుర్వయ్య దొడ్డి ముందు నిలబడ్డాడు.

"నీ పెండ్లాన్ని నేనే ఇడిపిస్త గుర్వయ్యా. జర నా చేన్లకు మంద తోలు."

ఠాణాలో ఆమెను ఏం చేస్తున్నారో! గుర్వయ్య దొడ్డి కంప తడిక తీశాడు. గొర్రెలు బయటపడ్డాయి. వెనక మిగతా గొల్లలంతా మందలతో ఆగి, ఆయన ఎటు తిరుగుతాడోనని చూస్తున్నారు. పటేలు చేను కుడివైపు. గుర్వయ్య ఎడమకు తిరిగి గొర్రెలను అదిలించాడు. వెనక పర్వతాలు, ఆ వెనక ఊరి మందలన్నీ బక్కయ్య రాళ్ల చెల్క నిండా పరుచుకున్నాయి.

"నీ పెండ్లాం జేల్లనే కుళ్లుతది!" పటేలు అరిచాడు.

బక్కయ్య బండి కాడి దించి, ఎడ్ల పగ్గాలు పటేలు చేతిలో పెట్టాడు.

"నీ ఎడ్లు నువ్వే తోలుకో పటేలా. గుర్వన్నా, ఠాణా ముంగట జాగ మస్తుంటది. మందలన్నీ పడతయ్. అక్కను ఇడిసేదాంక ఆడనే కూసుందం. తెల్లారంగనే బయలెల్లుదామా?"

గుర్వయ్య భుజం మీద గొంగడి సర్దుకున్నాడు. "తెల్లారేదాంక ఎందుకు? మీ వాడోళ్లను గూడ పిలువు."