తర్వాతి భాగంలో వస్తాడు

ఆకాశ ఓడ సినిమాలు మొత్తం నాలుగు భాగాలు. వాటికి పిట్టకథలు ఇంకో మూడు. వాటి గురించి మా తండా ముసలమ్మలకు తెలిసినంత తీసినవాళ్లకు కూడా తెలియదు, ఎందుకంటే సగం కథ నేను కల్పించిందే. గొప్పకు చెప్పడం లేదు. సిగ్గుపడే చెబుతున్నాను.

నా పేరు సోమ్లా. టెన్త్‌లో ఇంగ్లీషు తప్పి ఖమ్మం హాస్టల్ నుంచి తండాకు వచ్చేశాను. అడవి అంచున రోడ్డు మీద వెంకటరామారావు గారి రేకుల టాకీసు ఉండేది. కోస్తా నుంచి వచ్చి, పొలాలు కొని, ఆ పైన టాకీసు పెట్టిన మనిషి ఆయన. తెలుగు సినిమా దొరకనప్పుడు ఇంగ్లీషు రీళ్ల డబ్బాలు మధిర స్టేషన్లో దింపించుకునేవాడు. ఆ భాష ఎవరికీ రాదు కాబట్టి తెర పక్కన మైకు పట్టుకుని ఒకడు కథ చెప్పాలి. ఇంగ్లీషు తప్పినవాణ్ణి ఏరికోరి ఆ పనిలో పెట్టాడంటే ఆయన తెలివి ఎంతో మీరే అనుకోండి. బొమ్మ చూసి, తోచింది ముందు లంబాడీలో, తర్వాత తెలుగులో చెప్పేవాణ్ణి.

1979లో మొదటి భాగం వచ్చింది. చుక్కల మధ్య తిరిగే ఓడ అంటుకుంటుంది. కెప్టెన్ అందరినీ చిన్న ఓడలోకి పంపి, తలుపు లోపల్నుంచి వేసుకుని కాలిపోతాడు. ఆ మాట నేను మైకులో అన్నానో లేదో, మా ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం ఎత్తారు. చావు కబురు వింటే మా తండాలో అంతే. పోయినవాడి గుణాలు ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పాటగా ఏడవాలి. తల్లి ఆ ఏడుపు ఎత్తిందంటే మనిషి పోయినట్టు అందరూ ఒప్పుకున్నట్టే. ఎత్తకపోతే ఎన్నేళ్లయినా బతికున్నట్టే. తెర మీద మనిషైతే మాత్రం, చావు చావే కదా వాళ్లకు.

వెంకటరామారావు గారు పరుగెత్తుకొచ్చి నా చెవిలో, "ఏవిట్రా ఈ గోల? ఏదో ఒకటి చెప్పరా, లేకపోతే ఆ మైకు అక్కడ పెట్టేసి వెళ్లిపో" అన్నాడు.

నోటికొచ్చింది చెప్పాను. "ఏడ్వకుండ్రి. కెప్టెన్ సావలే. యెనక తలుపుల నుంచి దుంకి ఇంకో చుక్క మీద పడ్డడు. తర్వాతి భాగంల వస్తడు."

ఏడుపు ఆగింది. ముందు వరుసలోంచి హేమ్లి లేచింది. నా తల్లి ఈడు మనిషి, యాడీ అని పిలిచేవాణ్ణి. మా భాషలో అమ్మ అన్నమాట.

"ఎవ్వరూ సూడకున్నా బతికే ఉన్నడా?" అని అడిగింది.

"అవ్ యాడీ" అన్నాను.

ఆమె కొడుకు భీమ్లాను అంతకు ముందు ఎండాకాలం తునికాకు కల్లం దగ్గర ఎవరో జీపులో ఎక్కించుకుపోయారు. ఎవరో, ఎందుకో ఇప్పటికీ తెలియదు. కొన్నాళ్లకు పశువులు కాసేవాళ్లకు అడవిలో నెత్తురంటిన తువ్వాల దొరికింది. అది భీమ్లాదేనని అందరూ గుర్తుపట్టారు. సినిమా చూసిన వారానికి తండా పెద్ద పూల్‌సింగ్ వచ్చి, ఏడుపు ఎత్తమని హేమ్లికి నచ్చజెప్పాడు. ఆమె ఎత్తనంది. కెప్టెన్ సంగతి చెప్పింది. భీమ్లా భార్య గోరికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. అత్త ఏడుపు ఎత్తితే గాని గోరి మోచేతి పైన, మొగుడున్న గుర్తుగా వేసుకునే తెల్లగాజులు తీయడానికి లేదు, మళ్లీ మనువు లేదు.

అప్పుడే వెళ్లి నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. నా మాటకు అంత విలువ ఉందని లోపల కాస్త పొంగిపోయాను కూడా. ఛీ.

రెండో భాగం 1983లో వచ్చింది. అందులో కెప్టెన్ లేడు. మూసి ఉన్న తలుపు ఒకటి కనబడితే, "గా తలుపు యెనక ఉన్నడు" అన్నాను. మూడో భాగంలో చక్రాల కాళ్లతో రేకుమనిషి వచ్చాడు. కెప్టెన్ వాడి డొక్కలో దాక్కున్నాడని చెప్పాను. ఆ రేకుమనిషి జనానికి తెగ నచ్చి వాడికి వేరే సినిమాలు తీశారు, అవే పిట్టకథలు. వీడియో క్యాసెట్లలో వచ్చాయి. వాటికీ నేనే మైకు పట్టాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది ఎంత బాగా అతికిందంటే, పీకినా ఊడలేదు.

ప్రతి సినిమాకూ హేమ్లి ముందు వరుసలో కూర్చునేది. వెనక గోరి. తల్లాడ వైపు నుంచి లాలు అనే మంచివాడు గోరిని రెండుసార్లు అడిగి, చూసి చూసి వేరే పెళ్లి చేసుకున్నాడు. గోరి పాపిట దగ్గర తెల్ల వెంట్రుకలు వచ్చాయి. నేను చూడనట్టే ఉన్నాను.

1993లో ఆ సినిమాలన్నీ తెలుగు మాటలతో మళ్లీ వచ్చాయి. నా పని పోయింది. నిజం చెబితే, గండం గడిచిందనుకున్నాను. ఇక తెరే చెబుతుంది, నా నోరు నొవ్వదు.

మొదటి భాగం మ్యాట్నీ. నేను గోడ దగ్గర నిలబడ్డాను. ఓడ అంటుకుంది. చిన్న ఓడలోని డాక్టరు తేట తెలుగులో, "కెప్టెన్ చనిపోయారు. నా కళ్లతో చూశాను" అన్నాడు.

హేమ్లి పక్కవాళ్ల వైపు తిరిగింది. "గీ తెలుగోనికి కథ తెల్వదు. మన సోమ్లా చెప్పిందే నిజం. మనోడు మనకు అబద్ధమెందుకు చెప్తడు?"



ఇంటర్వెల్‌లో గోరి నా దగ్గరకు వచ్చింది. పద్నాలుగేళ్లలో నాతో ఆమె మాట్లాడింది అదే మొదలు.

"అన్నా, తెర చెప్తే నమ్మలే. పూల్‌సింగ్ చెప్తే నమ్మలే. నువ్వు చెప్తేనే నమ్ముతది. మైకు పట్టుకొని చెప్పు."

"యాడికి ఏమన్న అయితదేమో గోరీ."

"నాకేమైందో ఎన్నడన్న అడిగినవా?"

మూలన పడి ఉన్న మైకు తెచ్చి తెర ముందు నిలబడ్డాను. మా భాషలోనే చెప్పాను. "యాడీ, కెప్టెన్ మొదటి భాగంలనే సచ్చిండు. తర్వాత ఆరు సినిమాలల్ల ఏడ లేడు. నేనే అబద్ధం చెప్పిన. భీమ్లా కూడ రాడు యాడీ."

హేమ్లి నా వైపు తిరిగింది. లేచి చెంప మీద కొట్టినా బాగుండేది. "పద్నాలుగేండ్లు నా కొడుకు ఏడిచేటోళ్లు లేక అడివిల పడి ఉన్నడారా సోమ్లా?" అంది.



హేమ్లి గోరి మెడ పట్టుకుని రాగం ఎత్తింది. భీమ్లా తేనెపట్టు దింపే తీరు, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ రొట్టె తినే తీరు, అన్నీ పాటలో వచ్చాయి. అవన్నీ నేను మరిచిపోయినవే. ఆడవాళ్లందరూ గొంతు కలిపారు. గోరి ఏడుస్తూనే మోచేతి పైన గాజులు ఒక్కొక్కటీ లాగుతోంది. అవి చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి, ఊడి రావడం లేదు.

వెంకటరామారావు గారు పరుగెత్తుకొచ్చాడు. "ఏదో ఒకటి చెప్పరా" అన్నాడు.

మైకు ఆయన చేతిలో పెట్టి, కింద కూర్చున్నాను.