దుర్రియా రాయని వ్యాసం

ఆర్థిక సమీక్షా త్రైమాసికంలో కొత్త పరిశోధనలు అచ్చయ్యేవి కావు. ఒక విషయంపై లోకంలో ఎవరెవరు ఏమేమి రాశారో చదివి, తూచి, తేల్చి చెప్పే సమీక్షలకే అందులో చోటు. అందుచేత కైరోలోని ఆ కార్యాలయంలో ఒక నియమం ఉండేది: రచయిత తాను చేతబట్టి చదవని వ్యాసాన్ని ఉదహరించరాదు. ముప్పయ్యొక్క సంవత్సరాలు సంపాదకత్వం వహించిన లుత్ఫీ బర్సూమ్ ఆ నియమాన్ని ఎంతటివారి విషయంలోనూ సడలించలేదు. ఒకప్పుడు మంత్రిగా పనిచేసిన ఆచార్యుని రచనను సైతం, ఉదహరించిన పదిహేడవ వ్యాసాన్ని తమరు చూసినట్లు లేదని ఒక్క వాక్యం రాసి తిప్పి పంపారు.

పదవీ విరమణ చేసి పదకొండేళ్లు గడిచాయి. ఇప్పటి సంపాదకురాలు మహితాబ్ కబురు చేయగా, ఆ ఉదయం ఆయన కార్యాలయానికి వచ్చారు. పాత సంచికలన్నింటినీ కంప్యూటర్లోకి ఎక్కిస్తూ, ఉదహరించిన ప్రతి వ్యాసాన్నీ దాని మూలంతో జతచేస్తున్నారట. ఆమె 1976 నాటి సంచిక ఒకటి ఆయన ముందు పెట్టింది. పత్తి సాగుపై ఆయన రాసిన తొలి సమీక్ష అందులో ఉంది. ఆర్థికవేత్తల సంఘం వారి పతకాన్నీ, ఆ తరువాత సంపాదక పదవినీ తెచ్చిపెట్టినది అదే.

"ఉస్తాజ్, ఇక్కడ దుర్రియా సిద్కీ గారి వ్యాసం ఒకటి ఉదహరించారు. మన తర్వాతి సంచికలోదే అని రాశారు. ఆ సంచిక రెండుసార్లు తిరగేశాను. లేదండీ."

"ఉండాలే."

"లేదు. తమాషా ఏంటంటే, దాన్ని ఆ తర్వాత నలభై ముగ్గురు ఉదహరించారు. ఒకాయనైతే పేజీ నంబర్లు కూడా ఇచ్చాడు!"

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆ రోజుల్లో దుర్రియా, ఆయన ఇద్దరూ సహాయ సంపాదకులు. మధ్యాహ్నం రెండు దాటగానే ప్రూఫులు బల్లమీదే వదిలి, కాఫీ కప్పులతో బాల్కనీలోకి వచ్చేవారు. కింద ట్రాము మలుపు తిరిగినప్పుడల్లా మాట ఆపి, అది వెళ్లిపోగానే ఆపినచోటినుంచే అందుకునేది ఆమె. ఎంత బాగా చెప్పేది! మిన్యా పల్లెల పాత భూమి రిజిస్టర్లలో తాను కనిపెట్టినదాన్ని ఒకనాడు అలాగే చెప్పింది. పత్తి ధర పెరిగిన మరుసటి ఏడు చిన్నరైతులు పత్తి తగ్గించి పశువుల మేత వేసుకుంటారట. వచ్చే సంచికకే రాస్తున్నానంది. ఆ గౌరవం ఆమెకు ముందుగానే దక్కాలని ఆయన శీర్షికతో సహా తన సమీక్షలో చేర్చారు. ఆపైన ఆమె అధ్యాపకురాలిగా అలెగ్జాండ్రియా వెళ్లిపోయింది. తరువాతి సంచిక వెలువడిన వేళ ఆయన పతకం సందడిలో ఉన్నారు.

"ఆ ఒక్క లైను తీసేద్దామా ఉస్తాజ్?" మహితాబ్ గొంతు తగ్గించింది. "ఎవరు చూడొచ్చారు? అప్పుడు చిన్నరైతుల గురించి అన్న మాట మీదే అవుతుంది."

"ఆమె మాట నాదెట్లా అవుతుందమ్మా? ఫోను ఇటివ్వు."

అలెగ్జాండ్రియాలో చాలాసేపు మోగాక ఎత్తారు.

"ఎవరూ?"

"లుత్ఫీని."

"ఏ లుత్ఫీ? కామా తప్పిపోతే అన్నం మానేసే లుత్ఫీయేనా? బతికే ఉన్నావూ!"

"దుర్రియా, నువ్వు రాయని వ్యాసాన్ని నలభై ముగ్గురు ఉదహరించారట."

అవతల నవ్వు దగ్గుదాకా వెళ్లింది. "నేను రాసినవి నలుగురైనా చదవలేదు గదయ్యా! రాయకపోతేనే ఇంత పేరొస్తుందని తెలిస్తే అన్నీ మానేసి కూర్చునేదాన్ని."

"ఎందుకు రాయలేదు?"

"అది తప్పు, లుత్ఫీ. రిజిస్టరు కుట్టినవాడు పంతొమ్మిది వందల ఇరవైమూడో ఏడాది పుటలూ ఇరవైనాలుగో ఏడాది పుటలూ తారుమారు చేశాడు. సరిచేసి చూస్తే, ధర పెరిగాక వాళ్లు పత్తి ఎక్కువే వేశారు. మామూలు మనుషుల్లాగే."

"నాకు చెప్పొద్దూ!"

"చెబుదామనే రైలెక్కి వచ్చా. ఆ వేళే నీకు పతకం వేస్తున్నారు. మీ అమ్మ ముందు వరుసలో కూర్చుని, సంతోషం పట్టలేక నాలుక ఆడిస్తూ, హాలు దద్దరిల్లేలా జగ్రూతలు పెడుతోంది. ఆ సంబరంలో ఏం చెప్పను? వచ్చే సంచిక చూసి నువ్వే అడుగుతావనుకున్నా. అడగలేదు. తెలిసే ఊరుకున్నావనుకున్నా."

ఆ నియమం పేరిట తాను తిప్పి పంపిన వ్యాసాలు ఎన్నో లుత్ఫీకి లెక్క తెలియదు. ఆ ముప్పయ్యొక్క సంవత్సరాలూ ఆయన నిష్ఠను లోకం కొనియాడుతుంటే, అలెగ్జాండ్రియాలో ఒక్క మనిషి మాత్రం ఆయన గురించి వేరే విధంగా అనుకుంటూ, ఎవరికీ చెప్పక ఊరుకున్నది.

"తెలియదు, దుర్రియా. ఒట్టు. నేను చూసుకోనేలేదు."

"ఇప్పుడు నమ్ముతున్నాలే."

ఆయన మహితాబ్ వైపు తిరిగి, "వచ్చే సంచికలో నాకొక పుట ఉంచు" అన్నారు.

"సవరణకు రెండు లైన్లు చాలు కదండీ? ఆ పతకం వచ్చిన సమీక్ష..."

"అందుకే పుట కావాలి. సమీక్షకుడు తాను చదవని వ్యాసాన్ని ఉదహరించాడు, అందులో ఉందన్న నిర్ధారణా తప్పు. అక్కడ మొదలుపెట్టు. కింద నా పేరు."

"నా పేరూ వెయ్యి!" ఫోనులోంచి దుర్రియా అరిచింది. "చెప్పకుండా దాచినదాన్ని నేను."

"తప్పు నాది. నీకు సంబంధం లేదు."

"అబ్బో! తప్పులో కూడా వాటా ఇవ్వవా? ఉండు, ఆ పల్లెల లెక్కలు బీరువాలో ఎక్కడో ఉన్నాయి. సరైనవే అచ్చు వేద్దువుగానీ. వెతకాలి, పెట్టేయకు!"

రిసీవరు బల్లమీద పెట్టిన చప్పుడు, ఆపై చెప్పుల చప్పుడు దూరమవుతూ వినిపించాయి. మహితాబ్ ఏదో అడగబోతే ఆయన చేయెత్తి వారించారు. అలెగ్జాండ్రియాలో బీరువా తలుపు కిర్రుమంది. ఆయన రిసీవరును చెవికి మరింత దగ్గరగా అదుముకున్నారు.