ఆరు నిమిషాల నీడ

ఏరిపట్టు ఫైర్ స్టేషన్ డ్రైవర్ అంకప్ప పొద్దున ఏడింటికల్లా డ్యూటీకి వచ్చేవాడు. బండి టైర్లు, ట్యాంకులో నీళ్ళు చూసుకుని, గంట ఒకసారి మోగించి, ఎదురుగా ఉన్న నటేశన్ టీ కొట్టుకు వెళ్ళేవాడు. ఆయన నీడ ఆరు నిమిషాల తర్వాత రోడ్డు దాటి వచ్చి కాళ్ళ దగ్గర చేరేది.

కొట్టు గోడల నిండా పార్టీ పోస్టర్లు. ఎన్నికలు ముగిసి ఏడాదైనా ఎరుపు నలుపు తోరణాలు విప్పలేదు.

"నువ్వొచ్చినావు సరే, నీ నీడ యాడప్పా? ఇంకా లుంగీ కట్టుకుంటా ఉండాదా?" అనేవాడు నటేశన్.

"వస్తాది. టీ పొయ్యి."

"అది వచ్చేలోగా టీ ఆరిపోతాది. చెడ్డపేరు నాకు."

ఇంట్లో రంగనాయకమ్మ కూడా భర్త రాగానే తలుపు వేసేది కాదు. నీడ గడప దాటాకే గొళ్ళెం పెట్టేది. ఊళ్ళో ఒకరికి మెల్లకన్ను, ఒకరికి నత్తి, అంకప్పకు ఆలస్యంగా వచ్చే నీడ. ఆరు నిమిషాలే ఎందుకో ఎవరూ అడగలేదు. అంకప్పకు తెలుసు.

అది మొదలైంది మూడేళ్ళ కిందట, ఆయుధపూజ నాడు. ప్రభుత్వ ఆఫీసుల్లో దేవుడి పటాలు వద్దని ఎప్పుడో సర్క్యులర్ వచ్చినా, ఈ ఒక్క పూజను ఎవరూ ఆపలేదు. బండికి చందనం పూసి, బంతిపూల దండ వేసి, తాళంచెవిని పళ్ళెంలో పసుపు పక్కన పెట్టారు. పూజలో పెట్టిన పనిముట్టును హారతి అయ్యేదాకా ముట్టరు. అప్పుడు ఫోన్ మోగింది. అగ్గిపెట్టెల కంపెనీలో మంటలు. పూజారి ఇంకా మంత్రం మధ్యలోనే ఉన్నాడు. అంకప్ప చెయ్యి పళ్ళెం దాకా వెళ్ళి ఆగింది. మిగతావాళ్ళు చేతులు జోడించి ఆయన వైపు చూస్తూ నిలబడ్డారు. గోడ గడియారంలో ఆరు నిమిషాలు గడిచాయి.

ఆ మంటల్లో కాలిన, కంపెనీలో పనిచేసే కాళియమ్మ మూడో రోజు వేలూరు ఆస్పత్రిలో చనిపోయింది. ఫోన్ పది ఇరవైకి వచ్చిందనీ, బండి పది ఇరవైకే కదిలిందనీ బండి పుస్తకంలో రాసింది అంకప్పే. మర్నాటి నుంచి నీడ వెనకబడింది.

అప్పటి నుంచి అగ్నిప్రమాదాల నివారణ పనంతా తన మీద వేసుకున్నాడు. ఒడుగత్తూరులో గడ్డివాములను పొయ్యిలకు దూరంగా జరిపించాడు. గుడియాత్తం, పళ్ళికొండ బడుల్లో పిల్లలకు పైపు పట్టుకోవడం నేర్పాడు. ప్రమాదాలు సగానికి తగ్గాయని పై ఆఫీసరు ప్రశంసాపత్రం ఇస్తే, ఇంటికి తెచ్చి పెట్టె అడుగున బోర్లా పెట్టాడు.

కాళియమ్మ తల్లి కుప్పమ్మ అదే కంపెనీలో మందు అద్దే చట్రాల్లో అగ్గిపుల్లలు పేర్చేది. ఆమెకు నిజం చెప్పాలని అంకప్ప చాలాసార్లు వెళ్ళాడు. ప్రతిసారీ ఇసుక బకెట్ల గురించి చెప్పి తిరిగి వచ్చాడు.

ఒక బుధవారం హైస్కూలు పిల్లలను ముప్పై మందిని ఆ కంపెనీకి తీసుకువెళ్ళాడు. పొగలో ఎలా బయటపడాలో చూపించడానికి తానే ముందు వంగి, ఒక చెయ్యి గోడకు ఆనించి, షెడ్డు ఈ చివర నుంచి వెనక తలుపు దాకా నడిచాడు. పిల్లలు నవ్వుకుంటూ వెంట నడిచారు.

"ఏం నాయనా, నీ నీడ కూడా పాఠం చెప్తాదా?" అంది కుప్పమ్మ పుల్లలు పేరుస్తూనే.

"చెప్తాది. క్లాసు అయిపోయినాక."

అందరూ వెనక పెరట్లోకి చేరారు. పిల్లలు పైపు విప్పుతుండగా లోపల ఏదో చట్రం రాపిడికి భగ్గుమంది. పనివాళ్ళు ముందు తలుపు నుంచి పరుగెత్తారు. బండి అక్కడే ఉంది, సిబ్బంది నిమిషంలోపే నీళ్ళు కొట్టారు. మేస్త్రీ తలలు లెక్కపెట్టి, "కుప్పమ్మ లేదు" అన్నాడు.

అంకప్ప తడి గోనె కప్పుకుని వెనక తలుపు దగ్గరికి వెళ్ళేసరికి, పొగలోంచి ఆయన నీడ వంగి, గోడకు చెయ్యి ఆనించి నడిచి వచ్చింది. దాని వెనక కుప్పమ్మ, అలాగే వంగి.

వేపచెట్టు కింద కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు.

"కండ్లు కనపడలే నాయనా. గోడ మీద నీ నీడ పోతా ఉండాది. దాని ఎనకే వచ్చేసినా. అది ఆలస్యం కాకుంటే నేను చచ్చింటా" అంది.

అంకప్ప ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, కాళియమ్మ కాలిన పొద్దు తాళంచెవి నా ముందరే ఉండింది. హారతి కోసరం నిలిచినా. ఆరు నిమిషాలు. వెంటనే బయల్దేరినట్టు పుస్తకంలో రాసినా."

కుప్పమ్మ గ్లాసు కింద పెట్టింది.

"గడియారం చూసినావా?"

"చూస్తానే నిలబడినా."

ఆమె కొంగుతో ముఖం మీది మసి తుడుచుకుంది.

"నన్ను బయటికి తెచ్చినందుకు దానికీ దీనికీ సరిపోయిందనుకుంటా ఉండావా?"

"లేదమ్మా."

"ఆ పుస్తకం యాడుండాది?"

బండి ముందు సీట్లో కూర్చుని ఆమె స్టేషన్‌కు వచ్చింది. అంకప్ప బీరువాలోంచి పాత పుస్తకం తీసి, బండి కదిలిన టైము దగ్గర పది ఇరవై కొట్టేసి, పది ఇరవై ఆరు అని రాశాడు. కారణం రాశాడు. సంతకం చేశాడు.

"నాకు చదవను రాదు" అంది కుప్పమ్మ. "మీ ఆపీసరు ముందర చదువు. నేను వింటా."

స్టేషన్ ఆఫీసరు శ్రీనివాసన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అంకప్ప తేదీ నుంచి సంతకం దాకా చదివాడు. ఆఫీసరు పుస్తకం కోసం చెయ్యి చాపాడు.

కుప్పమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.

"ఇంకోసారి చదువు" అంది.