ఎదుటి డైలాగు

మా ఆయనకు వంటింట్లో ఏ పనీ రాదని చాడీలు చెప్పను. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే ఎదురుగా నిలబడి నడుము తిప్పడం బాగా వచ్చు. సినిమాలకు గొంతు అరువిచ్చే డబ్బింగ్ ఆర్టిస్టు. మగవాణ్ని ఇష్టపడే మగవాడి పాత్ర ఎక్కడ పడినా, సాగదీసి మెలికలు తిప్పే ఆ గొంతు కోసం ఈయనకే ఫోను వస్తుంది. సాధనంతా ఇంట్లోనే. ఎదుటివాళ్ల డైలాగులు చదివి అందించే జీతం లేని కొలువు నాది. ఒక కన్ను పాల మీద ఉంచి, ఇంకో కన్ను కొంగుతో తుడుచుకుంటూ, హీరోనై "ఛీ, దూరం జరుగు" అనాలి.

"కాస్త అసహ్యంగా అనవే, నాకు ఊపు రావద్దూ?" అంటాడు, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పే ధోరణిలోనే.

అసహ్యానికి నా దగ్గర లోటేం లేదు. ఈ సినిమాల్లో ఆ మనిషికి ఇల్లుండదు, ఉద్యోగముండదు, కనీసం జ్వరమైనా రాదు. కనబడ్డ మగాడి మీద పడటమే పని. ఒకరినొకరు ఇష్టపడింది ఇద్దరమ్మాయిలైతే ఇంకా సులువు. ఒకతె చస్తుంది, రెండోదాన్ని హీరో 'నయం' చేస్తాడు. మా అత్తగారికి మాత్రం గర్వం. "మావాడి గొంతు వినబడగానే హాలంతా ఈలలేనమ్మా."

మొన్న ఆ హాల్లో మా తమ్ముడూ ఉన్నాడు, ఏళ్లుగా తనతో కాపురం చేస్తున్న మనిషితో. "అందరూ నవ్వుతుంటే, అతను నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకున్నాడక్కా. బావ ఎదురుగా కూర్చుని ఇక అన్నం తినలేను. మీ ఇంటికి రాను" అన్నాడు ఫోన్లో.

ఆ మాట చెబితే మా ఆయన, "వాణ్ని నేనెప్పుడైనా ఒక్క మాటన్నానా? సినిమాని సినిమాలా చూడమను" అని కొత్త సీను కాగితాలు నా చేతిలో పెట్టాడు.

హీరో కాగితం తిరిగి ఆయనకే ఇచ్చాను. "ఇవాళ హీరో మీరు. రెండోది నేను చదువుతా."

"నీకా గొంతేం వచ్చు?"

"నా గొంతు నాకొచ్చు."

కత్తిపీట పక్కకు జరిపి లేచాను. నడుము తిప్పలేదు, మాట సాగదీయలేదు. మా తమ్ముడు ఇంట్లో తనవాడితో మాట్లాడినట్టే చదివాను. "ఇంత ఆలస్యమైందేం? నువ్వు రానిదే నాకు ముద్ద దిగదని తెలుసుగా."

ఆయన కాగితంలో 'ఛీ' అని ఉంది. నోరు తెరిచాడు. ఆ మాట రాలేదు.

"మళ్లీ చదువు."

చదివాను. ఈసారి కాగితం కిందపెట్టేశాడు.

"ఇందులో నవ్వడానికేం లేదే."

"లేదు."

"ఆ నవ్వంతా నేను గొంతుతో కలిపిందే. తప్పు నాదే."

"నాకు చెబితే ఏం లాభం?" అని ఫోను కలిపి ఆయన చేతికిచ్చాను.

అవతల తమ్ముడు ఎత్తాడు.

"ఒరేయ్, నేనే, బావని. ఆ రోజు హాల్లో జనం నవ్వింది, మీ ఇద్దర్ని చూసి నవ్వినట్టేరా. నవ్వించింది నేను. తప్పు చేశాను."